చెంచా బాకీ

మూడు రోజులుగా కనుమ మూసుకుపోయింది.
బిద్జినా సత్రంలో నలుగురం చిక్కుపడ్డాం:
ఉప్పు మోసే కంచరగాడిదల ఉషాంగీ,
ఎవరితోనూ పెదవి విప్పని ఒక తేనె వ్యాపారి,
అవతలి లోయలో కాన్పు చెయ్యాల్సిన మంత్రసాని త్సియాలా,
ఊరూరా రాగిపాత్రలకి కళాయి పూసే నేను.

కాకసస్ మంచుకి మొహమాటం లేదు.
తలుపు సందులోంచి దూరి
మనకంటే ముందే పొయ్యి పక్కన చోటు పట్టేస్తుంది.
బిద్జినా గోడమీద బొగ్గుతో లెక్క రాస్తున్నాడు.
చారుకి ఇంత, గడ్డికి ఇంత,
పొయ్యికి దగ్గరగా పడుకున్నందుకు ఇంకొంచెం.

అప్పుడు తలుపు చప్పుడైంది.
ఎవరో తట్టినట్టు కాదు,
ఎక్కడో దూరంగా బండ దొర్లినట్టు.

వంగి లోపలికొచ్చాడు. ఎంత వంగినా
ఇంకా వంగాల్సింది మిగిలే ఉంది.
గొర్రెతోలు కోటు,
దాని భుజం మడతలో నిద్రపోతున్న ఒక పిట్ట.
పైపూత కింద ఏముందో చూడటం నా వృత్తి,
అందుకని కాళ్ళు చూశాను.
చెప్పులకి మంచు లేదు.
తెరిచిన తలుపు బయట ఒక్క అడుగుజాడ లేదు.
కోటు దులిపితే గులకరాళ్ళు రాలాయి.

"ఎటునుంచి?" అన్నాడు ఉషాంగీ.
"పైనుంచి."
"దారి ఉందా పైన?"
చాలాసేపు ఆలోచించి
"ఈ రాత్రికి లేదు" అన్నాడు.

చిక్కుడుగింజల చారు పోశాడు బిద్జినా.
గిన్నెని రెండు చేతుల మధ్య పెట్టుకుని
తాగడం మరిచిపోయి కూర్చున్నాడు.
ఆ తర్వాత, అడక్కుండానే, ఉషాంగీతో
"మీ నాన్న ఎడమకాలు కాస్త ఈడ్చేవాడు" అన్నాడు.
"మీ ముసలి గాడిద జారినచోట
ఇప్పుడు పసుపుపూలు పూస్తున్నాయి."
నాతో "నీ చిన్న సుత్తి భద్రంగానే ఉంది" అన్నాడు.
తేనె వ్యాపారిని ఊరికే చూశాడంతే.
ఆయన మూట మెల్లగా వెనక్కి జరిగింది.

త్సియాలా లేచి వెళ్ళి అతని మణికట్టు పట్టుకుంది.
కళ్ళు మూసుకుంది.
"నాడి లేదు" అంది.
"గిట్టల చప్పుడుంది. ఒకదాని వెనక ఒకటి, ఎక్కుతూ."
ఇంకాసేపు విని,
జ్వరమొచ్చిందని చెప్పినంత మామూలుగా,
"నువ్వు కనుమవి" అంది.

పొయ్యిలో కట్టె ఒకటి విరిగింది.

"అందరూ నా మీదుగా పోయేవాళ్ళే," అన్నాడతను.
"నా దగ్గరికని వచ్చినవాళ్ళు లేరు.
చేరుకోవడం అంటారు కదా మీరు,
అదెలా ఉంటుందో ఒక్కసారి చూద్దామని."

ఎవరం ఏమనగలం?
ఆమె ఒక్కతే అంది:
"అవతల పదిహేడేళ్ళ పిల్ల. తొలిచూలు.
బిడ్డ అడ్డం తిరిగింది.
నువ్వొచ్చి ఇక్కడ కూర్చుంటే
నేనెక్కడ నడవాలయ్యా?"

గిన్నెలోకి చూసుకున్నాడు. సగం ఉంది.
లేచాడు. పిట్ట నిద్ర చెడకుండా లేచాడు.
గడప దగ్గర ఆగి
"చారులో వేసిన ఆకు పేరేమిటి?"
"కొత్తిమీర" అన్నాడు బిద్జినా.
ఆ మాటని నోట్లో తిప్పుకుంటూ చీకట్లోకి పోయాడు.

తెల్లారేసరికి
అప్పుడే కళాయి పెట్టిన పళ్ళెంలా ఆకాశం.
దారి తెరుచుకుంది.
త్సియాలా అప్పటికే సగం కొండ ఎక్కేసింది.
శిఖరం దగ్గర, రాతి పగుల్లో,
సత్రం కొయ్యచెంచా నిలబెట్టి ఉంది.
తీద్దామని చెయ్యి పెట్టాను.
రాయి వెచ్చగా తగిలింది.
వదిలేశాను.
దిగేటప్పుడు గాడిదలు కూడా
గిట్టలు ఆనించీ ఆనించనట్టు నడిచాయి.

ఆడపిల్ల పుట్టిందట, కాళ్ళు ముందుపెట్టి.

వసంతంలో మళ్ళీ వెళ్ళాను.
గోడమీద లెక్కలన్నీ చెరిగి ఉన్నాయి, ఒక్కటి తప్ప:
చారు సగం, చెంచా ఒకటి.
"నీ కాగుకి ఊరికే కళాయి పూస్తాను,
ఆ బాకీ కొట్టెయ్" అన్నాను.
బిద్జినా కాగు మటుకు ఇచ్చాడు.
బొగ్గుగీత మీద చెయ్యి అడ్డం పెట్టి
"ఇది ఉండనీ" అన్నాడు,
"బాకీ ఉన్నవాడే కదా తిరిగొచ్చేది."